పిల్లల ఇన్సులిన్ పంపులో అంకెలు ఎందుకు మారుతూనే ఉంటాయి?

క్లుప్తంగా: టైప్ 1 షుగర్ (క్లోమంలో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోయే జబ్బు) ఉన్న పిల్లలకు ఇన్సులిన్ అవసరం వయసుతో, ఎదుగుదలతో, జ్వరంతో, ఆటతో మారుతూ ఉంటుంది. పంపు, అంటే ఒంటికి తగిలించుకుని రోజంతా ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం, వాడే ఇంట్లో కనిపించే మార్పులు మూడు రకాలు. శరీరంలో వచ్చి నిలబడే మార్పు ఒకటి. నాలుగు రోజుల్లో వచ్చి పోయేది రెండోది. అసలు శరీరంతో సంబంధమే లేకుండా సెట్టో (పంపు నుంచి చర్మం కిందికి ఇన్సులిన్ చేర్చే గొట్టం), ఇన్సులినో చెడిపోవడం వల్ల కనిపించేది మూడోది. ఈ మూడింటికీ చేయాల్సిన పని వేరు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేసినప్పుడే పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడతారు.

పంపు పెట్టించాక మొదటి రెండు నెలలు చాలా ఇళ్లలో బాగానే గడుస్తాయి. తర్వాత ఒక వారం ఏ కారణమూ కనిపించకుండా రాత్రి పదింటికి షుగర్ 250, తెల్లారేసరికి 70. తిండి మారలేదు, లెక్క తప్పలేదు. "డాక్టరు గారు మొన్ననే సెట్ చేశారు కదా, అప్పుడే ఏమైంది?" అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ఎక్కడో మనమే తప్పు చేశామన్న టెన్షన్ కూడా దాని వెంటే వస్తుంది. చాలాసార్లు ఎవరి తప్పూ ఉండదు. పిల్లలు ఎదిగారు, పంపులో అంకెలు మాత్రం పాతవే ఉండిపోయాయి.

అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2021 అట్లాస్ ప్రకారం భారత్‌లో ఇరవై ఏళ్లలోపు టైప్ 1 షుగర్ ఉన్నవారు రెండు లక్షలకు పైనే. పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది. దానికి తోడు సెట్లు, ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు, ఒంటికి అంటించుకుని షుగర్ చూసే సెన్సార్లు నెలనెలా కొనాలి. అందుకే ఇంజెక్షన్లతోనే నెట్టుకొస్తున్న కుటుంబాలు ఎక్కువ. అప్పో సప్పో చేసి కొన్న పంపు ఆరు నెలల కిందటి అంకెలతో నడుస్తుంటే ఆ ఖర్చుకు తగ్గ ఫలితం రాదు.

## పంపులో ఉండే నాలుగు అంకెలు

ఇంజెక్షన్ల పద్ధతిలో రెండు రకాల ఇన్సులిన్ వాడతారు. రోజంతా నెమ్మదిగా పనిచేసేది ఒకటి, భోజనం ముందు తీసుకునే వేగవంతమైనది మరొకటి. పంపులో ఉండేది ఈ రెండోది మాత్రమే. దాన్నే కొద్దికొద్దిగా రోజంతా వదులుతూ ఉంటే బేసల్ అంటారు. భోజనానికో, పెరిగిన షుగర్ దించడానికో ఒకేసారి ఇస్తే బోలస్ అంటారు.

ఎంత వదలాలో పంపుకు చెప్పేవి ప్రధానంగా నాలుగు అంకెలు. ఏ గంటకు ఎంత బేసల్ అన్నది మొదటిది. ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుందన్న కార్బ్ రేషియో రెండోది. ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందన్న కరెక్షన్ ఫ్యాక్టర్ మూడోది. ఇచ్చిన ఇన్సులిన్ ఎన్ని గంటలు పనిచేస్తుందన్నది నాలుగోది.

ఇవి ఎంత మారతాయో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. పదహారు కిలోల ఐదేళ్ల పాపకు రోజుకు మొత్తం 12 యూనిట్లు పడుతున్నాయనుకుందాం. వైద్యులు తొలి అంచనాకు వాడే సూత్రం ప్రకారం 500ను రోజు మొత్తం డోసుతో భాగిస్తే కార్బ్ రేషియో, 1800ను భాగిస్తే కరెక్షన్ ఫ్యాక్టర్ వస్తాయి. అంటే ఆ పాపకు ఒక యూనిట్ సుమారు 42 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది, షుగర్‌ను 150 మేర దించుతుంది. అదే పాపకు పదమూడేళ్లు వచ్చి 42 కిలోలు ఉన్నప్పుడు రోజుకు 50 యూనిట్లు పట్టడం మామూలే. అప్పుడు ఒక యూనిట్ 10 గ్రాములకే సరిపోతుంది, షుగర్‌ను 36 మాత్రమే దించుతుంది. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంత అన్నానికి ఐదేళ్లప్పుడు ముప్పావు యూనిట్ కూడా అక్కర్లేదు, పదమూడేళ్లప్పుడు మూడు యూనిట్లకు దగ్గరగా కావాలి. బరువు రెండున్నర రెట్ల పైచిలుకు పెరిగితే ఇన్సులిన్ నాలుగు రెట్లు దాటింది. బరువును మాత్రమే చూసి డోసు పెంచుకుంటూ పోతే సరిపోదనడానికి ఇదే కారణం. (ఇవి విషయం అర్థం కావడానికి వేసిన లెక్కలు. ఏ పిల్లల అంకెలైనా వాళ్ల డాక్టరు చూసి నిర్ణయించాల్సినవే.)

చిన్నపిల్లలకు పంపు ఎందుకు అంత ఉపయోగమో కూడా ఈ లెక్కలోనే ఉంది. రోజుకు 12 యూనిట్లు సరిపోయే పాపకు బేసల్ సగటున గంటకు 0.2 యూనిట్లు ఉంటుంది. గంటకు 0.025 యూనిట్ల చొప్పున పెంచి తగ్గించగల పంపులున్నాయి. పంపులో వాడే ఇన్సులిన్ మామూలు చుక్క ఒకటి తీసుకుంటే, అందులో రెండు వందల వంతుల్లో ఒకటి అది. సూదితోగానీ పెన్నుతోగానీ అంత సన్నంగా కొలవడం కుదరదు.

## నిలబడే మార్పు: ఎదుగుదల

జబ్బు బయటపడిన కొత్తలో ఇన్సులిన్ మొదలుపెట్టాక కొన్నాళ్లు అవసరం బాగా తగ్గిపోతుంది. క్లోమంలో మిగిలిన బీటా కణాలు కాస్త కోలుకుని కొంత ఇన్సులిన్ తయారుచేయడమే దీనికి కారణం. దీన్ని హనీమూన్ దశ అంటారు. అప్పుడు కిలోకు రోజుకు అర యూనిట్ కన్నా తక్కువే సరిపోవచ్చు. జబ్బు నయమైపోయిందని ఆశపడి ఇన్సులిన్ ఆపేసే ప్రమాదం ఉన్నదీ ఈ దశలోనే. ఆ కణాలు క్రమంగా పోతాయి, అవసరం మళ్లీ పెరుగుతుంది. ఆ తర్వాత యుక్తవయసు దాకా కిలోకు 0.7 నుంచి 1 యూనిట్ మధ్య ఉంటుంది. యుక్తవయసులో 1.2 దాటుతుంది, కొందరిలో 2 దాకా వెళుతుంది.

ఆ వయసులో ఏమవుతుంది? ఎదుగుదల హార్మోను, లైంగిక హార్మోన్లు ఉధృతంగా తయారవుతాయి. వీటిలో ఎదుగుదల హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. కాలేయం నుంచి గ్లూకోజు ఎక్కువ విడుదలవుతుంది, కండరాలు దాన్ని తక్కువగా తీసుకుంటాయి. షుగర్ లేని పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. వాళ్ల క్లోమం ఎవరికీ తెలియకుండా అప్పుడు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. టైప్ 1 పిల్లలకు ఆ సర్దుబాటును పంపులో చేత్తో చేయాలి. పదమూడేళ్ల పిల్లకు ఉన్నట్టుండి షుగర్లు పెరిగితే "దొంగతనంగా ఏదో తింటోంది" అని ఇంట్లో అనుమానం మొదలవుతుంది. ఆ మాట అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అనుమానిస్తారన్న భయం ఒకసారి మనసులో పడితే, పిల్లలు నిజంగా తిన్నప్పుడు కూడా చెప్పరు. బోలస్ వేయకుండా దాచేస్తారు.

రోజులో ఏ వేళ ఎక్కువ కావాలన్నదీ వయసుతో మారుతుంది. ఎదుగుదల హార్మోను గాఢనిద్రలో ఎక్కువగా విడుదలవుతుంది. పెందలాడే నిద్రపోయే చిన్నపిల్లలకు రాత్రి తొమ్మిది నుంచి అర్ధరాత్రి దాకా బేసల్ ఎక్కువ పడుతుంది, తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. టీనేజీలో ఇది తిరగబడుతుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటల నుంచి బడికి బయల్దేరేదాకా అవసరం పెరుగుతుంది. ఆరేళ్లప్పుడు పెట్టిన బేసల్ పట్టికలో ప్రతి గంటకూ ఇంతింత పెంచుకుంటూ పోతే పన్నెండేళ్లప్పుడు మొత్తం డోసు సరిపోవచ్చు. కానీ వేళ తప్పుతుంది. రాత్రి మొదటి భాగంలో షుగర్ పడిపోతుంది (దీన్నే 'లో' అంటారు), పొద్దున్నే పెరిగిపోతుంది ('హై'). పట్టిక ఆకారమే మార్చాల్సిన సందర్భమిది.

ఇంకొక మలుపు గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఎదుగుదల ఆగిపోయాక అవసరం మళ్లీ తగ్గుతుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో పాత డోసే కొనసాగితే తరచూ లో షుగర్లు వస్తాయి. లో అయినప్పుడల్లా తినాల్సి వస్తుంది కాబట్టి బరువూ పెరుగుతుంది. పైగా మన దగ్గర ఈ వయసు ఇంటర్ హాస్టల్ రోజులతో కలిసిపోతుంది. ఆట పోతుంది, నిద్ర తగ్గుతుంది, తెల్లవారక ముందే స్టడీ అవర్ మొదలవుతుంది, అన్నం వేళలు ఇంటివి కావు. ఒకవైపు డోసు తగ్గించే కారణం, మరోవైపు పెంచే కారణం ఒకేసారి వచ్చిపడతాయి. హాస్టల్లో చేరిన మొదటి నెలలో పంపు రిపోర్టు డాక్టరుకు రెండుసార్లైనా చూపించడం అవసరం.

## వచ్చి పోయే మార్పు: జ్వరం, ఆట, నెలసరి, పండగ

ఇలాంటి మార్పులకు అసలు పట్టికను ముట్టుకోకూడదు. పంపులో తాత్కాలిక బేసల్ అనే ఏర్పాటు ఇందుకే ఉంది. కొన్ని గంటలపాటు బేసల్‌ను ఇంత శాతం పెంచమనో, తగ్గించమనో చెబితే సమయం అయిపోగానే పంపు దానంతటదే పాత పట్టికకు వచ్చేస్తుంది.

జ్వరంలో శరీరం ఒత్తిడి హార్మోన్లను వదులుతుంది కాబట్టి ఇన్సులిన్ ఎక్కువ కావాలి. వాంతులు, విరేచనాలు అయినప్పుడు తిన్నది ఒంటికి పట్టదు కాబట్టి తక్కువ కావాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. "ఏమీ తినలేదు కదా" అని పంపు ఆపేస్తారు. బేసల్ పూర్తిగా ఆగిపోతే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు అనే ఆమ్లాలు తయారుచేస్తుంది. షుగర్ పెద్దగా పెరగకపోయినా పిల్లలు రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌లోకి వెళ్లగలరు. కాబట్టి తగ్గించవచ్చు గానీ ఆపకూడదు. ఆయాసానికి స్టెరాయిడ్ సిరప్‌గానీ మాత్రలుగానీ రాసినప్పుడు షుగర్ బాగా పెరుగుతుంది, మందు ఆపిన కొద్ది రోజులకు దిగిపోతుంది. మందు రాసే డాక్టరుకు పంపు సంగతి ముందే చెప్పాలి.

ఆటది రెండు దశల ప్రభావం. పరుగు, సైకిలు, ఈత వంటివాటిలో ఆడుతున్నంతసేపూ షుగర్ దిగుతుంది. సాయంత్రం ఆడితే ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత, అంటే నిద్రలో, మళ్లీ దిగుతుంది. కండరాలు ఖర్చు చేసిన గ్లూకోజును తిరిగి నింపుకునే సమయమది. గ్రౌండులోకి దిగాక బేసల్ తగ్గిస్తే పెద్దగా లాభం లేదు. అప్పటికే చర్మం కింద చేరిన ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి గంట, గంటన్నర ముందే తగ్గించాలి. కబడ్డీ ఫైనల్లాంటి పోటీ ఉన్న రోజు దీనికి ఉల్టా జరుగుతుంది. అడ్రినలిన్ వల్ల షుగర్ పెరుగుతుంది. అప్పుడు పెద్ద కరెక్షన్ (షుగర్ దించే బోలస్) ఇస్తే ఆట అయ్యాక దబ్బున పడిపోతుంది.

నెలసరికి ముందు వారం చాలామంది అమ్మాయిలకు అవసరం పెరుగుతుంది, మొదలైన ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఇలాంటివారికి పంపులో రెండో బేసల్ పట్టిక పెట్టుకుని ఆ వారం దాన్ని వాడే పద్ధతి ఉంది.

పండగ తిండిది మరో లెక్క. సంక్రాంతి అరిసెలో బియ్యప్పిండి, బెల్లం, నూనె మూడూ కలిసి ఉంటాయి. నూనె వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మొత్తం బోలస్ ఒకేసారి ఇస్తే గంటకు లో అయి, నాలుగు గంటలకు హై అయ్యే అవకాశం ఉంది. కొంత ముందు ఇచ్చి మిగతాది రెండు మూడు గంటలపాటు సాగదీసి ఇచ్చే బోలస్ దీనికి సరిపోతుంది. పూరీ, బిర్యానీలకూ ఇదే వర్తిస్తుంది. మెత్తగా ఉడికిన అన్నానికి, ఇడ్లీకి మాత్రం సాగదీయడం పనికిరాదు. అవి త్వరగా షుగర్ పెంచుతాయి కాబట్టి పది, పదిహేను నిమిషాల ముందే బోలస్ వేయడం మేలు. ఎంత తింటారో తెలియని పసిపిల్లలైతే సగం ముందు, మిగతాది తిన్నదాన్ని బట్టి వేస్తారు.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు సెలవులకు వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉంది. బేసల్ పట్టిక పంపు గడియారాన్ని బట్టి నడుస్తుంది. న్యూజెర్సీ సమయంలోనే వదిలేస్తే తెల్లవారుజాము కోసం పెట్టిన ఎక్కువ బేసల్ హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండున్నర తర్వాత పడుతుంది. గడియారం ఎప్పుడు, ఎలా మార్చాలో బయల్దేరే ముందే అడిగి పెట్టుకోవాలి.

## శరీరానిది కాని మార్పు

రాత్రి ఒంటిగంట. సెన్సార్ 290 చూపిస్తోంది. పదకొండింటికే కరెక్షన్ ఇచ్చారు, కదల్లేదు. మరోసారి ఇచ్చి పడుకుందామనిపిస్తుంది. చొక్కా పైకెత్తి చూస్తే సెట్ అంటించిన ప్లాస్టర్ అంచు తడిగా ఉంది, దగ్గరికి వెళితే ఆసుపత్రి వార్డు లాంటి వాసన. ఇన్సులిన్ చెడిపోకుండా కలిపే పదార్థం వాసన అది. సెట్ పీకి చూస్తే చర్మం కింద ఉండాల్సిన మెత్తటి సన్న గొట్టం (క్యాన్యులా) కొక్కెంలా వంగి ఉంటుంది. రెండు గంటలుగా ఇన్సులిన్ ఒంట్లోకి కాక ప్లాస్టర్‌లోకి పోయిందన్నమాట. ఈ రాత్రి అంకెలు చూసి మర్నాడు బేసల్ పెంచితే, కొత్త సెట్ సరిగ్గా పనిచేసిన మొదటి రాత్రే పిల్లాడు లో అవుతాడు.

పంపులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఉండదు కాబట్టి సరఫరా ఆగితే నిల్వ ఏమీ ఉండదు. కొద్ది గంటల్లోనే కీటోన్లు పెరగడం మొదలవుతుంది. అడ్డంకి వస్తే అలారం మోగుతుందని పూర్తిగా నమ్ముకోలేం. గంటకు 0.1 యూనిట్ పోయే చిన్నపిల్లల్లో ట్యూబులో ఒత్తిడి పెరగడానికే చాలా సమయం పడుతుంది. లీకైతే అసలు ఒత్తిడే ఉండదు. అందుకే వైద్యులు చెప్పే నియమం ఒకటుంది. షుగర్ 250 దాటి, పంపుతో ఇచ్చిన కరెక్షన్‌కు రెండు గంటల్లో దిగకపోతే కీటోన్లు చూడాలి. లీటరు రక్తంలో కీటోన్ 0.6 మిల్లీమోల్ దాటితే పంపును పక్కనపెట్టి పెన్నుతోగానీ సూదితోగానీ డోసు ఇచ్చి, కొత్త ఇన్సులిన్‌తో కొత్త సెట్ మార్చాలి. 1.5 దాటితే డాక్టరుతో వెంటనే మాట్లాడాలి. 3 ఉన్నా, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ సూది విషయంలో మన దేశంలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. పంపులో వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్. మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి తగిన ఎర్ర మూత సిరంజీలు విరివిగా దొరుకుతాయి. కంగారులో ఆ సిరంజీతో పంపు ఇన్సులిన్ తీసి 2 యూనిట్ల గీత దాకా ఇస్తే ఒంట్లోకి పోయేది 5 యూనిట్లు. పైన చెప్పిన ఐదేళ్ల పాపకు అది రోజు డోసులో దాదాపు సగం. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు వాడాల్సింది నారింజ రంగు మూత సిరంజీ. అవి ఇంట్లో, స్కూలు సంచిలో ముందే పెట్టుకోవాలి.

మన ఎండలూ లెక్కలోకి వస్తాయి. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ను 30 డిగ్రీల లోపు ఉంచమంటారు. మేలో రామగుండం, రెంటచింతల వంటిచోట్ల ఎండ 44 దాటుతుంది. నడుముకు కట్టుకున్న పంపు, బయట వేలాడే ట్యూబు ఆ వేడిలోనే ఉంటాయి. వేడికి రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా పనిచేయడం వల్ల మొదట లో కావచ్చు. అదే ఇన్సులిన్ రెండో రోజుకు బలం తగ్గి హై కావచ్చు. వేసవిలో రిజర్వాయర్ నిండా నింపకుండా రెండు రోజులకు సరిపడా నింపి మార్చుకోవడం మంచిది.

ఒకేచోట సెట్ పెడుతూ పోతే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా పట్టదు. వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. నొప్పి తెలియదు కాబట్టి పిల్లలు అక్కడే పెట్టమంటారు. సెన్సార్ మీదికి ఒరిగి పడుకుంటే లేని లో చూపించడమూ మామూలే. వేలి మీద రక్తం తీసి చూశాకే నమ్మాలి.

## మార్చేటప్పుడు దేన్ని ముందు ముట్టుకోవాలి

మూడు రోజులు ఒకే వేళకు ఒకే తీరు కనిపిస్తే, సెట్ బాగుందని తేలితే, జ్వరంలాంటిది ఏమీ లేకపోతే అప్పుడు పట్టిక మార్చే ఆలోచన చేయాలి. ఒకసారి ఒక అంకెనే, అదీ పది నుంచి ఇరవై శాతమే. ఆపైన రెండు మూడు రోజులు వేచిచూడాలి. రెండు అంకెలు ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరూ చెప్పలేరు.

మొదలు రాత్రి బేసల్‌తోనే. తిండి, ఆట లేని సమయం అదొక్కటే. పడుకునేటప్పటి షుగర్‌కూ లేచేటప్పటి షుగర్‌కూ తేడా 30 లోపు ఉంటే అది సరిగ్గా ఉన్నట్టు. తెల్లవారుజాము నాలుగింటికి షుగర్ పెరుగుతుంటే బేసల్ మార్చాల్సింది రెండు, మూడింటికి. ఇన్సులిన్ పని అందుకోవడానికి అంత సమయం పడుతుంది. బేసల్ కుదిరాకే కార్బ్ రేషియో, తర్వాత కరెక్షన్ ఫ్యాక్టర్.

తప్పు బేసల్ చాలాకాలం కనబడకుండా దాక్కుంటుంది. బేసల్ ఎక్కువైతే పిల్లలకు గంటగంటకూ బిస్కెట్టో, జ్యూసో పెట్టి నెట్టుకొస్తారు, "వీడికి ఆకలెక్కువ" అనుకుంటారు. తక్కువైతే రోజంతా చిన్నచిన్న కరెక్షన్లు ఇస్తూ పోతారు. పంపు రిపోర్టులో మొత్తం డోసులో బేసల్ వాటా ఎంతో చూస్తే ఇది పట్టుబడుతుంది. పిల్లల్లో అది సాధారణంగా 30 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది.

## ఆటోమేటిక్ పంపు వస్తే ఈ పని తప్పుతుందా?

కొంత తప్పుతుంది. సెన్సార్‌ను చూసి బేసల్‌ను తనే మార్చుకునే మొదటి పంపుకు, మెడ్‌ట్రానిక్ 670జీకి, అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. తర్వాత వచ్చిన 780జీ, టాండెమ్ కంట్రోల్-ఐక్యూ, ఆమ్నిపాడ్ 5 వంటివి ఇంకా ముందుకెళ్లాయి. ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ 2023 డిసెంబరులో టైప్ 1 పిల్లలకు ఈ విధానాన్ని సిఫారసు చేసింది. రాత్రి నిద్ర విషయంలో తల్లిదండ్రులకు ఇవి ఇచ్చే ఊరట చిన్నది కాదు.

అయినా ఇవి అన్నీ నేర్చుకోవు. 780జీ ప్రతి ఐదు నిమిషాలకూ బేసల్ మారుస్తుంది, కరెక్షన్లు తనే ఇస్తుంది. కానీ కార్బ్ రేషియో మనిషి పెట్టినదే. కంట్రోల్-ఐక్యూ మనం పెట్టిన బేసల్ పట్టిక, కరెక్షన్ ఫ్యాక్టర్ ఆధారంగానే నడుస్తుంది. గత రోజుల వాడకం చూసి నేర్చుకునే పంపులకు వారం జ్వరం తర్వాత ఆ ఎక్కువ డోసే అలవాటై ఉంటుంది, కాబట్టి జ్వరం తగ్గిన రోజుల్లో లో షుగర్లను కనిపెట్టి ఉండాలి. పాత కార్బ్ రేషియో సరిపోవడం లేదని, తినని తిండిని తిన్నట్టు నమోదు చేసి పంపుతో ఎక్కువ ఇన్సులిన్ తీసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దానివల్ల పంపు లెక్క మొత్తం పాడవుతుంది. రేషియో మార్చుకోవడమే సరైన దారి. లో అయినప్పుడు ఇచ్చే చక్కెర కూడా వీటిలో తగ్గించాలి. పంపు ముందే బేసల్ ఆపి ఉంటుంది కాబట్టి పాత అలవాటు ప్రకారం ఇస్తే పైకి ఎగురుతుంది.

ఏ పంపైనా ఒకరోజు ఆగిపోవచ్చు. నీళ్లలో పడవచ్చు, తెర పగలవచ్చు. తెర నల్లగా అయిపోతే అందులో ఉన్న అంకెలేవీ కనబడవు. అప్పుడు దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పేది రోజు మొత్తం బేసల్ ఎంతో తెలిస్తేనే. అందుకే గంటల వారీ బేసల్, దాని మొత్తం, కార్బ్ రేషియో, కరెక్షన్ ఫ్యాక్టర్, ఆనాటి బరువు ఒక కాగితం మీద తేదీ వేసి రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి, ఫోనులో ఫొటో తీసి ఉంచాలి, ఒక కాపీ క్లాస్ టీచరుకు ఇవ్వాలి. పంపులో అంకె మార్చిన ప్రతిసారీ ఆ కాగితమూ మార్చాలి. దాని మీద తేదీ నాలుగు నెలల కిందటిదైతే, ఆ రాత్రి పెన్నులోంచి పోయే డోసు కూడా నాలుగు నెలల కిందటి పిల్లాడిదే అవుతుంది.